సెంటర్ స్పీకర్

రిటైరయ్యేవాడికి కానుక ఇవ్వడంలో ఆ రోలింగ్ మిల్లువాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఆఫీసువాళ్ళలాగ శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి పంపడం వాళ్ళకి నచ్చదు. ఇచ్చేది ఏదైనా సరే, మోగాలి. వెనకటి రోజుల్లో టేప్‌రికార్డర్లు ఇచ్చేవారు, తరవాత టీవీలు ఇచ్చారు. అప్పలసూరి వంతు వచ్చేసరికి టీవీ లేని ఇల్లంటూ లేకుండా పోయింది. దాంతో అతని స్నేహితుడు పోలిరాజు పూనుకుని, షిఫ్టులో ఉన్న అందరిచేతా తలా కొంత వేయించి, హోమ్ థియేటర్ సెట్టు కొనిపించాడు.

ఆ సెట్టు ఆటోలో కూర్మన్నపాలెం ఫ్లాటుకి వచ్చిన రోజున అప్పలసూరి మొహం చూడాలి. రిసీవర్ అనే నల్లటి బరువైన పెట్టె ఒకటి, ముందు నిలబెట్టుకునే పొడుగు స్పీకర్లు రెండు, వెనక గోడకి తగిలించే చిన్నవి రెండు, టీవీ కింద అడ్డంగా పడుకోబెట్టేది ఒకటి, మూల కూర్చుని గుండెలదరగొట్టే సబ్‌ఊఫర్ ఒకటి. బిగించడానికి షాపు నుంచి మనిషిని పంపుతామన్నారు. అప్పలసూరి వద్దన్నాడు. ఎర్రగా కాలిన కడ్డీని దారి తప్పకుండా ఒక రోలర్ల స్టాండులోంచి ఇంకో స్టాండులోకి ఎక్కించడమే జన్మంతా చేసినవాడు, గోడకి నాలుగు తీగలు పాకించలేడా అని అతని పట్టుదల.

నిజం చెప్పాలంటే బాగానే పాకించాడు. సెట్‌టాప్ బాక్సు తీగని తిన్నగా టీవీకి గుచ్చకుండా ముందు రిసీవర్ వెనక గుచ్చాడు. అక్కడినుంచి ఇంకో తీగ టీవీకి తీసుకెళ్ళాడు. పాత డీవీడీ ప్లేయరుని కూడా వదల్లేదు, దాని ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు వేటి రంగు కన్నంలో వాటిని పెట్టాడు. స్పీకర్ తీగ చివర ప్లాస్టిక్ ఒలిచి, రాగి పోగుల్లో ఒక్కటి కూడా బయటికి పొడుచుకురాకుండా మెలితిప్పి, ఎర్రదాన్ని ఎర్రదానికి, నల్లదాన్ని నల్లదానికి బిగించాడు. కాగితం మీద బొమ్మలో ఏ స్పీకరు ఎక్కడ ఉండాలో చూపించారు. అప్పలసూరి టేపుతో కొలిచి మరీ అక్కడే పెట్టాడు. ఈ పని చేస్తున్నంతసేపూ అతను ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇంత శ్రద్ధ దేనికంటే, సినిమా మీద మోజుకి కాదు. ధనలక్ష్మి వచ్చి తన పక్కన కూర్చోవాలని.

మిల్లు పక్క లైనిళ్ళలో ఉన్నన్నాళ్ళూ వారపు సెలవు రోజున భార్యాభర్తలిద్దరూ చాపేసుకుని సినిమా చూసేవారు. చూసేవారంటే అతను చూసేవాడు, ఆమె మాట్లాడేది. హీరోయిన్ కట్టిన చీర మొదలుకుని విలన్ పెళ్ళాం అమాయకత్వం వరకు దేన్నీ వదిలేది కాదు. అసలు కథ కంటే ఆ వ్యాఖ్యానమే అతనికి ఎక్కువ ఇష్టం. ఫ్లాటులోకి మారాక ఆ అలవాటు తప్పింది. టీవీ పెట్టగానే ధనలక్ష్మి గదిలోకి పోయి తలుపు జేరవేసుకుని, ఫోనులో చెల్లెలితో మాట్లాడుకుంటుంది. అడిగితే తలనొప్పి అంటుంది. ముందు కొత్తిల్లు కదా, పని ఎక్కువైందేమో అనుకున్నాడు. తరవాత తన మీద ఎందుకో అలిగిందనుకున్నాడు. ఎందుకని అడగడానికి మొహమాటపడ్డాడు. ఇన్నేళ్ళు కాపురం చేశాక పెళ్ళాన్ని ఆ మాట అడగడమంటే మగాడికి కొండెక్కినంత పని. మంచి సౌండు వస్తే తనే వచ్చి కూర్చుంటుందిలే అని ఆ పనిని ఈ నల్లపెట్టెకి అప్పగించాడు.

సెట్టు మోగింది. ఫైటు వస్తే కిటికీ అద్దాలు గజగజలాడాయి. డప్పు దెబ్బలు ఎడమవైపు మొదలై వెనకనుంచి తిరిగి కుడివైపు వచ్చాయి. అప్పలసూరి సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు హీరోయిన్ ఏడుస్తూ ఏదో చెప్పింది. చెప్పినట్టు తెలుస్తోంది గానీ ఏం చెప్పిందో తెలియలేదు. అతను రిమోట్ తీసుకుని సౌండు పెంచాడు. ఏడుపు పెరిగింది, మాట మాత్రం రాలేదు.

కాగితాలు తిరగేశాడు. సినిమాలో మాటలన్నీ టీవీ కింద పడుకోబెట్టిన సెంటర్ స్పీకర్లోంచే వస్తాయని, పాటలూ చప్పుళ్ళూ మిగతావాటిలో పంచుకుంటాయని అందులో ఉంది. అప్పలసూరికి విషయం అర్థమైపోయింది. పాట బాగుంది, చప్పుడు బాగుంది, మాట ఒక్కటే లేదు. కాబట్టి పోయింది సెంటర్ స్పీకరే. తెలివిగలవాడు వేసిన లెక్కే అది, తప్పు పట్టడానికి లేదు.

ఆ రోజునుంచి అతనికి అదే పని. సెంటర్ తీగ విప్పి ఎడమ స్పీకరుకి కలిపాడు, ఎడమ తీగ తెచ్చి సెంటరుకి కలిపాడు. ఎరుపూ నలుపూ తిరగేసి చూశాడు, మళ్ళీ సరిచేశాడు. తీగ సన్నగా ఉందేమోనని గాజువాక పోయి లావు తీగ తెచ్చాడు. రిసీవర్ మెనూలో సెంటర్ సౌండుని ఎంతవరకు పోతే అంతవరకు పెంచాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అర్జునరావుగారు ఒకసారి గుమ్మంలో నిలబడి, కొంచెం తగ్గిస్తే బాగుంటుందని చాలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. అప్పలసూరి ఆయనకి కూడా సెంటర్ స్పీకర్ కథంతా చెప్పాడు. ధనలక్ష్మి మాత్రం హాలు వైపే రావడం మానేసింది.

చివరికి స్పీకరు విప్పి సంచిలో వేసుకుని షాపుకి పట్టుకుపోయాడు. అక్కడ వాళ్ళు తగిలించి విని, బాగానే పలుకుతోందన్నారు. అయినా పెద్దాయనతో గొడవెందుకని కొత్తది ఇచ్చి పంపారు. ఇంటికి తెచ్చి బిగిస్తే మళ్ళీ అదే వరస.

"దీని తాడు తెంపెయ్యాలి, పోలిరాజుని రమ్మంటాను," అన్నాడు పెళ్ళాంతో. ధనలక్ష్మి స్టవ్ వైపు తిరిగి ఏదో అంది. ఏమందో అతను పట్టించుకోలేదు.

పోలిరాజు ఇంకా సర్వీసులోనే ఉన్నాడు, మిల్లులో ఎలక్ట్రీషియన్. అప్పలసూరికి చుట్టరికం ఏమీ కాదు గానీ, ఒకరినొకరు బావా అని పిలుచుకుని పిలుచుకుని నిజంగానే చుట్టాలైపోయారు. అతనిది గోనెసంచిలోంచి మాట్లాడినట్టు బొంగురు గొంతు. ఆదివారం పొద్దున ఫిషింగ్ హార్బరుకి పోయి కానాగంతలు కొని, వాటితోనే తిన్నగా బావ ఇంటికి వచ్చాడు. సంచి ధనలక్ష్మికి ఇచ్చి, చొక్కా చేతులు మడిచి, రిసీవర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె చేపలు పట్టుకుని వంటింట్లోకి పోయింది.

"ఏటి దీని రోగం?"

"మాట రాదు బావా. పాటొస్తాది, ఫైటొస్తాది. మనిసి మాటాడితే, అదీ ఆడది మాటాడితే, ముద్దముద్దగా వస్తాది."

పోలిరాజు ఒక సీను పెట్టించుకుని విన్నాడు. తల పక్కకి వంచి, కళ్ళు చికిలించి, చాలా సీరియస్‌గా విన్నాడు. "నిజవే. ఆ పిల్ల ఏటంటందో నాకూ తెలీనేదు. సెంటరు పోనాది."

అప్పలసూరికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి తన మాట కాదనని మనిషి దొరికాడు.

ఇక్కడ మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. కడ్డీలు స్టాండుల్లోంచి దూకుతుంటే ఆ షెడ్డులో మనిషి గొంతుకి విలువ లేదు. అందుకని అక్కడ చేతులతో మాట్లాడుకుంటారు. చెయ్యి అడ్డంగా కోస్తే ఆపమని, బొటనవేలు పెదవులకి ఆనిస్తే టీకి పద అని. మిగిలింది ఎదుటివాడి పెదాలు చూసి గ్రహించుకుంటారు. చెవుల్లో పెట్టుకోమని యాజమాన్యం రబ్బరు బిరడాలు ఇచ్చేది. పనితనం ఉన్నవాడెవడూ అవి పెట్టుకునేవాడు కాదు. కడ్డీ అడ్డం తిరగబోయే ముందు స్టాండు సన్నగా కీచుమంటుంది, ఆ కీచు పసిగట్టినవాడే మేస్త్రీ. బిరడాలు పెట్టుకుంటే అది వినబడదు కదా. ఆ కీచు కోసం అప్పలసూరి, పోలిరాజు లాంటివాళ్ళు ఏళ్ళతరబడి చెవులు బార్లా తెరిచి అక్కడ నిలబడ్డారు. షిఫ్టు దిగి లైనిళ్ళకి వస్తే అక్కడ ప్రతి టీవీ వీధి చివరికి వినబడేది, ప్రతి ఇల్లాలు అరిచే మాట్లాడేది. ఎవరూ ఎవర్నీ తగ్గించమని అనలేదు. ఎక్కువగా ఉందని ఎవరికైనా తెలిస్తే కదా అనడానికి.

కూర్మన్నపాలెం వచ్చిన కొత్తలో పక్క ఫ్లాటు సూర్యకాంతమ్మగారు ధనలక్ష్మి చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో రోజూ గొడవలా అమ్మా? నీ గొంతు మా పడగ్గదిలోకి వినిపిస్తోంది," అని జాలిగా అడిగింది. ధనలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రం ఆ సంగతి చెప్పుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ నవ్వుకున్నారు. అప్పట్నుంచి ఆమె అపార్ట్‌మెంట్ మనుషుల్లాగ మెల్లగా మాట్లాడడం నేర్చుకుంది.

పోలిరాజు ఫోను తీశాడు. "మనం సెట్టు కొన్న షాపోడు సాయిశంకర్ ఒక వీడియో పంపినాడు బావా, స్పీకరు టెస్టు. బొంగురుగా మొదలయ్యి, సన్నంగా, ఇంకా సన్నంగా పైకి పోతాదట. ఎక్కడ తెగిపోతే అక్కడ స్పీకరు సచ్చినట్టు లెక్క. ఇది సూపించి ఆళ్ళ మొకాన కొడదాం."

మిగతా స్పీకర్ల తీగలన్నీ విప్పేసి సెంటరు ఒక్కటే ఉంచారు. ఫోనుని రిసీవరుకి కలిపారు. సౌండు బాగా పెంచారు. ఫోను తెరమీద ఒక పచ్చటి గీత ఎడమ చివరినుంచి కుడివైపు పాకడం మొదలుపెట్టింది. స్పీకరు ముందు కంప్రెసర్లాగ గుర్రుమంది, తరవాత ఊళ వేసింది, ఊళ ఈల అయింది, ఈల సన్నబడింది. సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

అప్పలసూరి చెయ్యి అడ్డంగా కోశాడు. అదే క్షణాన పోలిరాజు కూడా కోశాడు. తెరమీద పచ్చగీత ఇంకా సగం దూరంలోనే ఉంది, నింపాదిగా పాకుతోంది.

"సూసినావా? ఇక్కడే తెగిపోనాది," అన్నాడు పోలిరాజు గెలిచినవాడిలాగ.

ఈ గెలుపు పెళ్ళానికి చూపించాలని అప్పలసూరి వంటింటి వైపు తిరిగాడు. ధనలక్ష్మి సింకు దగ్గర నిలబడి ఉంది. చేతులనిండా చేప పొలుసు. ఆ చేతులు తలకి తగలకుండా మోచేతులు పైకెత్తి, రెండు మణికట్లతో రెండు చెవులూ నొక్కిపెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, మొహం ముడుచుకుని ఉంది.

అతనికి ముందు నవ్వొచ్చింది. సౌండు ఆగిపోయాక చెవులు మూసుకోవడమేమిటి? పిలుద్దామని నోరు తెరిచాడు. అంతలో పచ్చగీత చివరంటా పోయింది. ధనలక్ష్మి కళ్ళు తెరిచి, మణికట్లు దించి, మళ్ళీ చేప అందుకుంది.

అప్పలసూరి తెరిచిన నోరు మూసుకున్నాడు.

"మళ్ళీ పెట్టు బావా," అన్నాడు.

ఈసారి అతను స్పీకరు వైపు చూడలేదు, ఫోను వైపు చూడలేదు. సింకు దగ్గర మనిషినే చూశాడు. గుర్రుమన్నప్పుడు ఆమె మామూలుగానే తోముకుంటోంది. ఊళ వేసినప్పుడు విసుగ్గా భుజం ఎగరేసింది. ఈల సన్నబడుతుంటే మోచేతులు లేచాయి. ఈల ఆగింది. ఆమె చేతులు దిగలేదు. హాలు ప్రశాంతంగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, పోలిరాజు గడ్డం గోక్కుంటున్నాడు, ఆ ప్రశాంతంలో ధనలక్ష్మి చెవులు మూసుకుని నరకయాతన పడుతోంది.

 అప్పలసూరికి భయమేసింది. గదినిండా చప్పుడు ఉంది, అందులో తను కూర్చుని ఉన్నాడు, తనకి తెలియడం లేదు. ఇంకా ఏవేవి ఇలాగే తన పక్కనుంచి పోయాయో.

"సెంటరు పోయింది, అనుమానం నేదు," అంటున్నాడు పోలిరాజు. "రేపే పోయి..."

"స్పీకరు పోనేదు బావా."

"మరి?"

అప్పలసూరి గడ్డంతో వంటింటి వైపు చూపించాడు. "ఇంకోపాలి పెట్టి, దాని మొకం సూడు."

మూడోసారి పెట్టేసరికి ధనలక్ష్మికి ఓపిక పోయింది. చెవులు నొక్కుకునే గుమ్మంలోకి వచ్చి, "ఏటన్నియ్యా ఆ కూత. సెవులు సిల్లులు పడిపోతన్నాయి, ఆపండి," అంది. పోలిరాజు ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు, బావ వంక చూశాడు. మెల్లగా ఫోను నొక్కి ఆపాడు. ఆపగానే ఆమె చేతులు దింపి లోపలికి పోయింది. అతను ఆపింది ఏమిటో మగవాళ్ళిద్దరికీ వినబడలేదు.

 పోలిరాజు ఫోనుని బోర్లించి నేలమీద పెట్టాడు.

"మొన్న మిల్లు మెడికల్ టెస్టులో సెవి డాట్టరు ఏదో రాసినాడు," అన్నాడు. "మిసను బాగునేదనుకున్నాను."

అప్పలసూరి రిమోట్ తీసి రిసీవర్ కట్టేశాడు.

"మా ఇంటిది తాయారు కూడా ఈమజ్జ మాటాడ్డం మానీసినాది బావా. వయసొచ్చింది, బుద్ధొచ్చినాది, ఇల్లు పెసాంతంగా ఉందని నాను సంబరపడతన్నాను." అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయి, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

అప్పలసూరి ఆలోచన ఇంకోచోట ఉంది. పోలిరాజు మాట తనకి ప్రతి అక్షరం తెలుస్తోంది. మిల్లులో ఎవడి మాటైనా తెలిసేది. ఫోనులో అల్లుడి మాట తెలుస్తుంది, వాచ్‌మన్ మాట తెలుస్తుంది. అందరివీ బరువు గొంతులు. పైగా అందరూ మొహంలోకి చూసి మాట్లాడతారు, పెదాలు కనిపిస్తాయి. స్టవ్ వైపు తిరిగి, సన్నటి గొంతుతో, పక్కింటికి వినబడకుండా మాట్లాడేది లోకంలో ఒక్కతే. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళతో గలగలా మాట్లాడి, తన మాటకి మాత్రం ఊఁ కూడా కొట్టని మొగుణ్ణి ఆమె ఇన్నాళ్ళూ చూస్తోందన్నమాట. చూసి ఏమనుకుని ఉంటుంది?

ఆ ప్రశ్న వచ్చాక ఇంక కూర్చోలేకపోయాడు. లేచి వంటింట్లోకి పోయాడు.

ధనలక్ష్మి వీపు ఇటు పెట్టి చేపలు కడుగుతోంది. అడుగుల చప్పుడు విని, తిరక్కుండానే ఏదో అంది. గొంతు ఉంది, మాట లేదు. ఎన్నోసార్లు ఇలాగే జరిగి ఉంటుంది. ఎన్నోసార్లు తను ఏమీ అనలేదనుకుని వెనక్కి తిరిగి ఉంటాడు. అతను చెయ్యి చాపి కొళాయి కట్టేశాడు.

"ఇటు తిరిగి సెప్పు ధనం."

ఆమె అనుమానంగా తిరిగింది. "ఏటైనాది మావా? సెంటరు బాగైనాదా అంటన్నాను."

"సెంటరు ముందునుంచీ బాగానే ఉంది. నాకే నీ మాట ఇనబడ్డం నేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎకసెక్కం ఆడుతున్నాడేమోనని చూసినట్టుంది. "అన్నియ్య మాట ఇనబడతాది గదా."

"ఆడిది బొంగురు గొంతు, ఇనబడతాది. సన్నటిది ఇనబడదు. ఇందాకా నువ్వు సెవులు మూసుకున్నావు సూడు, అప్పుడు మా ఇద్దరికీ ఏటీ ఇనబడనేదు. ఇప్పుడే తెలిసినాది నాకు."

"ఎన్నాళ్ళబట్టి?"

"తెల్దు. లైన్లో ఉన్నప్పుడు నువ్వు అరిసీదానివి, తెలిసీది. ఇక్కడికొచ్చినకాడ్నుంచి మెల్లగా మాటాడతన్నావు. అప్పట్నుంచే అయ్యుంటాది."

ధనలక్ష్మి చేతిలోని చేపని గిన్నెలో పెట్టేసింది. పక్కనున్న స్టూలు మీద కూర్చుని, తడిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలవైపు చూస్తూ ఏదో అంది. వెంటనే గుర్తొచ్చి తలెత్తి మళ్ళీ అంది. "నాను ఏరేగా అనుకున్నాను మావా."

"ఏటనుకున్నావు?"

"ఒగ్గీ. ఇప్పుడెందుకు."

"సెప్పు."

 ఆమె అతని కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. "ఈ ఇంటికొచ్చిన కొత్తలో. నాను ఏ మాటన్నా నువ్వు పలికీవాడివి కాదు. అన్నియ్య వస్తే నవ్వుతావు, కిందోల్లతో నవ్వుతావు. ఒకనాడు ఇక్కడే, స్టవ్ దగ్గర నిల్సోని అడిగాను. నా మీద ఏటైనా కోపవా అని. నువ్వు మంచినీలు తాగతన్నావు. తాగీసి, గ్లాసక్కడ బోర్లించీసి, ఎలిపోయావు."

అప్పలసూరి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. అతను రోజూ అక్కడే నీళ్ళు తాగుతాడు, రోజూ గ్లాసు అక్కడే బోర్లిస్తాడు. వాటిలో ఏ రోజో ఆమె ఆ మాట అడిగింది. ఆ రోజుకీ మిగతా రోజులకీ తేడా అతనికి తెలియదు.

"మర్నాడు మళ్ళీ అడిగాను," అంది ధనలక్ష్మి. "అప్పుడూ అంతే. ఇంక అడగనేదు. మాటాడితే ఇసుక్కుంటన్నావని మాటాడ్డవే తగ్గించుకున్నాను. నీకు నా మీద మనసు నేదని మా సెల్లితో సెప్పుకుని ఏడిసాను కూడాను."

 ఇటు వీపు తిప్పి నిలబడిన ఈ మనిషిని చూసి అప్పలసూరి కూడా అదే అనుకున్నాడు, తన మొహం చూడడమే ఇష్టం లేదేమో అని. మంచి సౌండు వస్తే వచ్చి కూర్చుంటుందని తను హాలంతా తీగలు పాకించాడు. ఆ సౌండు తలలో గుచ్చుకుంటుంటే ఆమె తలుపు జేరవేసుకుంది. సరిచేద్దామని అతను ఎంత పెంచితే ఆమె అంత లోపలికి పోయింది. ఇద్దరిలో ఎవరి మనసులోనూ కల్మషం లేదు. ఒక ఏడాది మాత్రం పోయింది.

"ఇప్పుడడుగు," అన్నాడు.

"ఏటి?"

"అప్పుడడిగింది."

"ఇప్పుడెందుకు. సంగతి తెలిసిపోనాది గదా."

"నీకు తెలిసినాది. నాను ఇన్నేదు. ఇనాల గదా."

ధనలక్ష్మి లేచింది. కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది, సబ్బు రాసి మళ్ళీ కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని అతని ఎదురుగా నిలబడింది. అతను ఆమె పెదవులనే చూస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసి ఉండడు. ఆమెకి సిగ్గేసి ఒకసారి తల పక్కకి తిప్పుకుని, మళ్ళీ తిప్పి, గొంతు పెంచకుండానే అడిగింది.

"నా మీద ఏటైనా కోపవా?"

చివరి మాట ఒక్కటే తెలిసింది అతనికి, అదీ పెదవుల కదలికలో. మిగతాది తనే నింపుకున్నాడు.

"నేదు," అన్నాడు.

మెల్లగా, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాననుకున్నాడు. అది ఎంత గట్టిగా వచ్చిందో అతనికేం తెలుసు. ధనలక్ష్మి ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది. హాల్లోంచి పోలిరాజు కేకేశాడు.

"ఏటి బావా? ఏటి నేదు?"

ధనలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగి బుగ్గలమీదికి జారాయి. వాటిని తుడుచుకోకుండానే హాలు వైపు మొహం తిప్పి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పింది.

"నీక్కాదన్నియ్యా, నాకు సెప్పినాడు."

ఆమె మొహం అటు ఉంది, పెదవులు కనిపించడం లేదు. ఆ మాట అప్పలసూరికి మొత్తం వినిపించింది.